హెన్రీ రాయి మీద ఒక్క అక్షరం

నయాగరా చూసొచ్చినవాళ్ళు ఫొటోలు పెడతారు. ఆర్లాండో వెళ్ళొచ్చినవాళ్ళు పిల్లలకి టోపీలు తెస్తారు. ఫిబ్రవరిలో మిసిసిపీ డెల్టాకి వెళ్ళొచ్చినవాడి దగ్గర చూపించడానికి ఏముంటుంది? బూట్లకి అంటిన నల్లరేగడి బురద ఉంటుంది. అది కూడా మా ఆవిడ గరాజ్ బయటే కడిగించింది. అయినా రాస్తున్నాను. మనవాళ్ళెవరూ అటు వెళ్ళరు, వెళ్ళాల్సిన పనీ పడదు. నాకు పడింది.

మా నోవై: గరాజ్‌లో హెన్రీ

హెన్రీ ఆఫీసులో నా పక్క సీటు. చాలా ఏళ్ళు ఇద్దరం కలిసి ఒకటే పని చేశాం: కారు ముందు సీట్లో కూచున్నది పెద్దమనిషా, చిన్నపిల్లా అని బరువు చూసి చెప్పే సెన్సర్లు. చిన్నపిల్ల అయితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకూడదు, దెబ్బకి ప్రాణం పోతుంది. ఇంత చిన్న విషయం మీద ఇద్దరు మనుషుల ఉద్యోగ జీవితాలు గడిచిపోయాయంటే ఎవరూ నమ్మరు.

మనిషి చైనీయుడు, మాట పక్కా మిసిసిపీ. వాళ్ళ నాన్న డెల్టాలో పత్తి కూలీలకి సరుకులమ్మే కిరాణా కొట్టు నడిపేవాడట. హెన్రీకి చైనీస్ చదవడం రాదు, నాలుగు ముక్కలు మాట్లాడ్డం వచ్చు. పెళ్ళి చేసుకోలేదు. తోబుట్టువులు లేరు. ఎవరడిగినా "మా అమ్మకి నేనొక్కణ్ణే" అనేవాడు.

నవంబర్‌లో జబ్బు ముదిరింది. ఆసుపత్రి గదిలో ఆ రోజు నర్సు పేరు రాసే తెల్లబోర్డు ఒకటుంటుంది కదా, దాని మీద నర్సు పేరు కింద మార్కర్‌తో ఒక అక్షరం గీశాడు. 奀. నేను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

"ఇది నా పేరు. మా అమ్మ ఒక్కతే పిలిచేది. సమాధి రాయి మీద హెన్రీ కింద ఇది వేయించి, నన్ను ఆవిడ పక్కన పెట్టు. వచ్చింది నేనే అని ఆవిడకి తెలియాలిగా" అన్నాడు.

పలికి చూపించాడు కూడా. మన అక్షరమాలలో క వర్గం చివర ఏ పనీ లేకుండా కూచుంటుందే 'ఙ', దానితో మొదలవుతుంది. 'ఙన్' లాంటి శబ్దం. అర్థం అడిగితే "తెలీదు, ముద్దుపేరు అయ్యుంటుంది" అన్నాడు. నా పేరు మొదటిసారి విన్నప్పుడు ఇతనే అర్థం అడిగాడు. ఆఫీసులో నన్ను టవీ అంటారు కానీ అసలు పేరు తవిటయ్య. మా పార్వతీపురం వైపు వీధికొక తవిటయ్య ఉంటాడు. తవుడంటే రైస్ బ్రాన్ అని చెప్తే అందరూ నవ్వుతారు, హెన్రీ నవ్వలేదు. "మా కొట్లో కోళ్ళకి అమ్మేవాళ్ళం" అన్నాడు.

అతను పోయాక, అస్థికల పెట్టె మా గరాజ్‌లో మంచు ఊడ్చే స్నో బ్లోయర్ పక్కన షెల్ఫ్ మీద ఉంది. ఇంట్లోకి తేవడానికి వీల్లేదంది మా ఆవిడ కళ్యాణి. ఆవిడని తప్పుపట్టలేను, మన ఇళ్ళలో ఎవరూ పెట్టుకోరు. కానీ చెత్తడబ్బా బయటికి తోసినప్పుడల్లా ఆ పెట్టె ఎదురుగా కనిపించేది.

డెల్టాలో సమాధి రాళ్ళు చెక్కే క్లైడ్ అనే ఆయనకి ఫోన్ చేసి ఫొటో పంపాను. ఆ అక్షరం తన మెషీన్‌లో లేదన్నాడు. "కాగితం మీద సరిగ్గా గీసిస్తే కోస్తాను. కానీ బాగా ఆలోచించుకో. గ్రానైట్‌కి రబ్బరుండదు" అన్నాడు.

అందుకే మా ఊళ్ళో ఆదివారం చైనీస్ బడి నడిపే టీచరుకి చూపించాను. బీజింగ్ వైపు ఆవిడ. కళ్ళజోడు పైకెత్తి చూసింది. "పైన ఉన్నది 'కాదు'. కింద ఉన్నది 'పెద్ద'. రెండూ కలిపి రాయడం నేను చదువుకోలేదు" అని ఫోన్‌లో వెతికి, మొహం అదోలా పెట్టింది. "బక్కచిక్కినవాడు, ఎదగనివాడు అనిట. మామూలుగా వాడే అక్షరం కాదు సర్. సమాధి మీద మాత్రం వేయించకండి."

ఇదెక్కడి గొడవరా నాయనా అనిపించింది. చివరి కోరిక కాదనలేను. అలాగని స్నేహితుడి నెత్తిన శాశ్వతంగా 'ఎదగనివాడు' అని చెక్కించనూ లేను.

చికాగో: చేతులు చాచిన మనిషి

విమానంలో పోవచ్చు. కానీ హెన్రీని ఎక్స్‌రే మెషీన్‌లో పెట్టబుద్ధి కాలేదు. పెట్టెని ముందు సీట్లో పెట్టి బయల్దేరాను. పెట్టిన మరుక్షణం సీటు బెల్టు పెట్టుకోమని కారు మొత్తుకోవడం మొదలుపెట్టింది. బెల్టు పెట్టాను. డాష్‌బోర్డు మీద 'ఎయిర్‌బ్యాగ్ ఆఫ్' లైటు వెలిగింది, అంటే కూచున్నది చిన్నపిల్ల అని. మేమిద్దరం కలిసి చేసిన సెన్సరే. హైవే ఎక్కేదాకా ఆ లైటు వైపు చూడలేకపోయాను.

ఇండియానాలో మంచు. వైపర్ల నీళ్ళు అయిపోయాయి, గ్యాస్ స్టేషన్‌లో కొని పోస్తుంటే సగం నా ప్యాంటు మీదే పడ్డాయి. ఆ వాసనతోనే చికాగో చైనాటౌన్‌లో ఒక బేకరీలోకి వెళ్ళాను. అక్కడి ముసలివాళ్ళు కాంటన్ వైపు వాళ్ళని, హెన్రీ వాళ్ళ మాటకి దగ్గరగా మాట్లాడతారని ఎవరో చెప్పారు.

చిన్న కొట్టు. ఖాళీ కుర్చీ ఉంటే అడక్కుండా వచ్చి కూచుంటారు, మన ఇరానీ హోటల్లో లాగే. రెండు డాలర్ల చిల్లరకి అరచేతంత బన్ను, లోపల తీపి తీపిగా పంది మాంసం. టీ మాత్రం డికాక్షన్ తాగినట్టే ఉంది. కౌంటర్ వెనక డెబ్బై దాటిన ఆవిడకి ఫోన్ చూపించాను.

చూసిందో లేదో, "ఙన్!" అని నోటికి చెయ్యడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. వెనకాల పిండి కలుపుతున్న ఆయన్ని పిలిచి చూపించింది. ఆయనా నవ్వాడు. ఆవిడ చిటికెన వేలు నా మొహం ముందు ఆడించి, "ఇట్లాంటోడు. పుల్ల. గాలేస్తే పడిపోతాడు" అంది.

"బీజింగ్ టీచరుకి తెలీలేదండీ."

"వాళ్ళకెందుకు తెలుస్తుంది? ఇది మాది, దక్షిణాది వాళ్ళది. మా ఊళ్ళల్లో జనం మా నోటి మాటకి మేం కట్టుకున్న అక్షరం. పెద్ద పెద్ద పండితులు ఇలాంటివి లెక్కలోకి తీసుకోరు" అంది కాస్త గర్వంగా. ఆ తరవాత కౌంటర్ వెనక నిలబడి రెండు చేతులూ బార్లా చాచింది. "చూడు. కాళ్ళు ఎడంగా, చేతులు ఇలా పెట్టుకున్న మనిషి. ఇది 'పెద్ద'. ఎప్పటి నుంచో ఇంతే." చేతులు చాచే ఉంచి తల అడ్డంగా ఊపింది. "పైన ఇది 'కాదు'. అయిపోయింది. ఎవరి కోసం నీకిది?"

చనిపోయిన నా స్నేహితుడి రాయి మీద వేయించాలన్నాను. ఆవిడ చేతులు దించేసింది.

"రాయి మీదా? వద్దు నాయనా. ఇది ఇంట్లో పిలుచుకునేది. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"చూడ్డానికి ఎవరూ లేరండీ."

"అయితే మరీ వద్దు. ఇంటి పిలుపని చెప్పేవాళ్ళు కూడా ఉండరు" అంది. రెండో బన్ను సంచిలో వేసి ఇచ్చింది. ఈసారి నవ్వలేదు.

ఇల్లినాయ్ పొడుగునా వాన

రెండో రోజంతా దక్షిణానికి తిన్నగా ఒకటే రోడ్డు. రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న మోళ్ళు, వాటి మధ్య నిలిచిన నీళ్ళు. కళ్యాణి కట్టిచ్చిన పులిహోర ఒక చేత్తో తింటూ, హెన్రీతో మాట్లాడుతూ డ్రైవ్ చేశాను. పిచ్చి పట్టిందనుకోకండి, ఒంటరిగా అంత దూరం వెళ్తే మీరూ మాట్లాడతారు.

నా బుర్రలో ఒకటే తొలుస్తోంది. మా ఉత్తరాంధ్ర వైపు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఆ తరవాత పుట్టినవాణ్ణి పెంట మీద పెట్టి, మేనత్త చేత చేటెడు తవుడుకి కొనిపిస్తారు. అంత చవగ్గా వచ్చినవాడి మీద చావు కన్ను పడదని. పెంటయ్యలూ తవిటయ్యలూ అలా మిగిలినవాళ్ళే. నాకు ముందు ఇద్దరు మగపిల్లలు పోయారు. మా మేనత్త సింహాచలం నన్ను తవుడిచ్చి కొనుక్కుంది. హెన్రీ వాళ్ళమ్మ కూడా అలాగే దాచిందేమో, 'వీడు పెద్దవాడు కాడు, నీకు పనికిరాడు, పో' అని చావుకి చెప్పిందేమో అని ఆశ పుట్టింది.

కానీ హెన్రీ ఒక్కడే కదా. ముందు ఎవరూ పోకుండా ఏ తల్లయినా అలా ఎందుకు దాస్తుంది? నిజంగానే బిడ్డ బక్కగా ఉంటే విసుక్కుని పిలిచిందేమో. జీవితాంతం ఆ విసుగునే ఇతను ముద్దనుకున్నాడేమో. ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

చీకటి పడకముందే మెంఫిస్ చేరి ఒక గుజరాతీ దంపతుల మోటెల్‌లో దిగాను. ఆవిడ నా చేతిలో పెట్టె చూడగానే కనిపెట్టేసింది. "ఎవరు భయ్యా?" అంది. స్నేహితుడన్నాను. గది తాళంతో పాటు ఉతికిన తెల్ల తువ్వాలు ఒకటి తెచ్చిచ్చింది. "నేల మీద పెట్టకండి, ఇది పరిచి బల్ల మీద పెట్టండి" అంది. మా ఇంట్లో స్నో బ్లోయర్ పక్కన పెట్టామని ఆవిడకి చెప్పలేదు.

డెల్టా: మిస్ పెర్ల్ కొట్టు

మెంఫిస్ దాటాక నేల చేత్తో చదును చేసినట్టు ఉంటుంది. పత్తి ఎప్పుడో తీసేశారు. రోడ్డు అంచున మురికి పట్టిన దూది పోగులు, వానకి తడిసి పడున్నాయి. ఊళ్ళు వస్తాయి కానీ మనుషులు కనిపించరు. మెయిన్ వీధిలో షాపులన్నిటికీ చెక్కలు కొట్టేసి ఉన్నాయి. గ్యాస్ స్టేషన్‌లో తమాలీలు అమ్ముతున్నారు: మొక్కజొన్న పిండిలో కారం మాంసం కూరి, పొత్తుల పైపొరల్లో చుట్టి ఉడికించినవి. ఎర్రటి నూనె మోచేతుల దాకా కారింది. చలికి ప్రాణం లేచొచ్చింది.

ఒకప్పుడు ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ చైనీయుల కిరాణా కొట్టు ఉండేదట. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. హెన్రీ ఊళ్ళో మిస్ పెర్ల్ కొట్టు మిగిలింది. ఎనభై దాటిన మనిషి. శ్మశానం తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. షెల్ఫుల్లో సగం ఖాళీ: ఇన్ని బీన్స్ డబ్బాలు, ఇన్ని చేపల గాలాలు.

"హెన్రీని తెచ్చింది నువ్వేనా హనీ?" అంది. "కూచో, ముందు తిను."

వెనక గదిలో పెద్ద మూకుడులో తోటకూర లాంటి ముదురాకు వేసి, వెల్లుల్లి, సోయా సాస్‌తో గలగలా తిప్పింది. పక్కన మొక్కజొన్న రొట్టె. ఆ యాస వింటూ, ఆ వంట చూస్తుంటే హెన్రీ లంచ్ డబ్బా గుర్తొచ్చింది.

తిన్నాక ఫోన్ చూపించాను. బేకరీవాళ్ళలా నవ్వుతుందనుకున్నాను. ఆవిడ ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, నా వైపు వీపు పెట్టి చూసింది.

"రాళ్ళ మీద ఇలాంటి పేర్లు మేం పెట్టం. బడి పేరో పెళ్ళి పేరో పెడతాం" అంది.

"అతనికి ఇంకో చైనీస్ పేరుందా?"

ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టేసింది. "రేపు పొద్దున్నే శ్మశానానికి రా. క్లైడ్‌ని కూడా రమ్మంటాను" అంది.

శ్మశానం

ఊరి చివర, కంచె వేసిన చిన్న జాగా. చినుకులు పడుతూనే ఉన్నాయి. క్లైడ్ అప్పటికే వచ్చి హెన్రీ వాళ్ళమ్మ రాయి పక్కన చిన్న గుంట తీసి పెట్టాడు. ఆరడుగుల నల్లజాతి మనిషి, టోపీ చేత్తో పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు.

మిస్ పెర్ల్ మాత్రం అక్కడ ఆగలేదు. గొడుగు పట్టుకుని కంచె దగ్గరికి నడిచింది, వెనకే నేను. అక్కడ గడ్డిలో రెండు బుల్లి రాళ్ళు, మన పొలం సరిహద్దు రాళ్ళంత. సగం నేలలోకి దిగిపోయాయి. ఆవిడ చెప్పుతో బురద తోసింది.

నాకు చైనీస్ ఒక్క ముక్క రాదు. కానీ నాలుగు రోజులుగా ఆ ఫొటోనే చూస్తున్నాను. రెండు రాళ్ళ మీదా కాళ్ళు ఎడంగా, చేతులు చాచిన మనిషి ఉన్నాడు. నెత్తి మీద 'కాదు' లేదు.

"పెద్ద" అన్నాను.

మిస్ పెర్ల్ తలూపింది. "పేరులో అయితే 'మహా'. మొదటివాడికి మహా విజయం అని పేరు. రెండోవాడికి మహా ధైర్యం. వాళ్ళ నాన్నకి గొప్ప గొప్ప పేర్లంటే ఇష్టం. ఇద్దరూ ఏడాది నిండకుండానే జ్వరంతో పోయారు. నేను అప్పుడు చిన్నపిల్లని, మా అమ్మతో చూడ్డానికి వెళ్ళాను. హెన్రీ పుట్టినప్పుడు వాళ్ళ నాన్న మళ్ళీ 'మహా' ఏదో పెడతానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ మాట మీద 'కాదు' పెట్టేసింది. బిడ్డ బాగున్నాడని ఎవరన్నా అంటే తలుపేసేది. 'ఎక్కడ బాగున్నాడు, ఎండుపుల్ల' అని గట్టిగా అరిచేది, వీధిలోకి వినపడేలా."

మా అమ్మ నా చెంపకి పెట్టిన దిష్టి చుక్క గుర్తొచ్చింది. మహా విజయం, మహా ధైర్యం రాళ్ళ మీద వాన కారుతోంది. వంగి మిగిలిన బురద చేత్తో తుడిచాను.

"హెన్రీకి తెలుసా?"

"తెలీదు. ఏటా ఏప్రిల్‌లో వచ్చి వాళ్ళమ్మ సమాధి కడిగేవాడు కదా, ఈ రెండింటి చుట్టూ గడ్డి కూడా పీకేవాడు. ఎవరివి పెర్ల్ అని ఒకసారి అడిగాడు. ఎవరో పిల్లలవి అన్నాను. వాళ్ళమ్మ నా చేత ఒట్టేయించుకుంది, వాడు బతికుండగా చెప్పొద్దని." ఆవిడ గొడుగు రెండో చేతికి మార్చుకుంది. "వేరే పేరు పెట్టడానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు హనీ. పెద్దయ్యాక పెడదాం, పెళ్ళికి పెడదాం అంటూనే ఆవిడ పోయింది."

"అయితే అదే వేయిద్దామండీ. ఆవిడ ఆ పేరుతోనే కాపాడుకుంది."

"ఇంక దాచాల్సిన పని లేదుగా."

"దాచడానికి కాదు. గుర్తుపట్టడానికి."

మిస్ పెర్ల్ తన కారు దగ్గరికి నడిచింది. మాంసం చుట్టే గోధుమరంగు కాగితం తెచ్చి, నా కారు బానెట్ మీద పరిచింది. క్లైడ్ గొడుగు పట్టాడు. నల్ల మార్కర్‌తో పైన 'కాదు', కింద చేతులు చాచిన మనిషి గీసింది. ఒక చెయ్యి కాస్త వంకరొచ్చింది. మళ్ళీ గీస్తానంది.

"వద్దు మేడమ్, ఇది బాగుంది" అన్నాడు క్లైడ్. "ఉన్నదున్నట్టు కోస్తాను."

ముగ్గురం కలిసి హెన్రీని వాళ్ళమ్మ పక్కన పెట్టాం. నేను మన పద్ధతిలో మూడు గుప్పిళ్ళ మట్టి వేశాను. మిస్ పెర్ల్ ఒక నారింజ పండు పెట్టి, మూడుసార్లు వంగింది. "ఙన్, అమ్మ దగ్గరికొచ్చావురా" అని వాళ్ళ భాషలోనే ఏదో అని ఉంటుంది. ఙన్ అన్న ఒక్క ముక్కే నాకు తెలిసింది.

గేటు దగ్గర కుళాయి

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. నాకు కారెక్కబుద్ధి కాలేదు. ఆ పసివాళ్ళకి కనీసం రాళ్ళున్నాయి. మా ఊళ్ళో నా ముందు పోయిన ఇద్దరికీ రాయీ లేదు, రప్పా లేదు. వాళ్ళ పేర్లేమిటో కూడా నాకు తెలీదు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. తెలిసిన మనిషి ఇంక ఒక్కతే మిగిలింది. పార్వతీపురంలో అప్పుడు రాత్రి భోజనాల వేళ. ఫోన్ చేశాను.

"ఏట్రా తవిటీ, ఈయాల ఆదోరం కాదు గదా? ఏటయినాది?" అంది సింహాచలం అత్త. వెనకాల టీవీ సీరియల్ మోగుతోంది.

"ఏమీ అవలేదత్తా. ఒకటి అడుగుదామని. నా ముందు పోయిన ఇద్దరికీ ఏం పేర్లు పెట్టారు?"

టీవీ చప్పుడు ఆగిపోయింది.

"ఎవులు సెప్పినార్రా నీకు అడగమని?"

"ఎవరూ చెప్పలేదత్తా. నేనే అడుగుతున్నాను."

"నాను సెప్పను."

"నాకు యాభై దాటాయత్తా. ఇంకేం భయం?"

"ఎన్ని దాటితే ఏటి? నువ్వు బతికున్నన్నాల్లూ ఆ పేర్లు నా నోట రావు. నిన్ను కొనుక్కున్నదాన్ని నాను, మీ అమ్మ కాదు" అంది.  వెంటనే మాట మార్చింది. "ఇంతకీ ఎక్కడున్నావు?"

అబద్ధం చెప్పలేకపోయాను. "శ్మశానం దగ్గర. స్నేహితుడు పోయాడు."

"ఓరి నీ తెలివి తగలెయ్య! అక్కడ నిలబడి ఈ మాటలు అడుగుతున్నావేట్రా? కాల్లు కడుక్కున్నావా?"

"లేదత్తా."

"ముందు కడుక్కో. ఫోను ఎట్టీకు. నానింటాను నీల్ల సప్పుడు."

గేటు పక్కన, పూలకుండీలకి నీళ్ళు పట్టే కుళాయి ఉంది. బూట్లు విప్పాను, మేజోళ్ళు విప్పాను, ప్యాంటు మడిచాను. దారిన పోయే ట్రక్కువాడు స్లో చేసి మరీ చూశాడు. కుళాయి తిప్పి ఫోన్ దగ్గరగా పెట్టాను. నీళ్ళు ఎముకల్లోకి దిగాయి.

"మడాలు తడిసినాయా?"

"తడిశాయత్తా."

"రెండూనా?"

"రెండూ."

"అయితే ఎల్లు. ఎనక్కి సూడకు" అంది.